ఎనిమిది మంది ఎక్కే బండి... ఒక్కడు ఎత్తుకుపోయే బండి!

సినిమాలో కారు దొంగతనానికి ఎంతసేపు పడుతుందో మీకు నేను చెప్పాలా? హీరోగారు పరిగెత్తుకుంటూ వస్తారు. మోచేత్తో అద్దం పగలగొడతారు. స్టీరింగు కింద చెయ్యి పెట్టి రెండు వైర్లు లాగి చిటుక్కుమనిపిస్తారు. బండి రంకె వేసి లేస్తుంది! హీరోయిన్ అప్పటికే పక్క సీట్లో ఉంటుంది (ఆవిడ ఎప్పుడెక్కిందో ఎడిటరుగారికే తెలియాలి). 1974లో హాలీవుడ్‌వాళ్లు 'గాన్ ఇన్ 60 సెకండ్స్' అని టైటిల్లోనే టైము చెప్పేశారు. 2000లో నికొలస్ కేజ్‌తో మళ్లీ తీసినా ఆ అరవై సెకన్లు అరవైగానే ఉన్నాయి.

ఆ విద్య మా గుడుపల్లెలో పనికొస్తుందా, రాదా అన్నదే ఈ వారం కబురు. ఎందుకంటే మా ఇంట్లోనూ ఒక పెద్ద బండి ఉంది.

పేరు అడక్కండి, చెప్పను. మూడు వరసల సీట్లు, డీజిల్ ఇంజను, తెల్ల రంగు. నాన్న రిటైరైన డబ్బుతో సెకండ్ హ్యాండులో కొన్నాడు. అవ్వ ఆస్పత్రికి పోవాలన్నా, అక్క పిల్లలు సెలవులకి రావాలన్నా, ఆదివారం మేమంతా కుప్పంలో సినిమాకి పోవాలన్నా అదే దిక్కు. ఇంట్లో ఉన్న బంగారమంతా తూచినా దాని ఖరీదు రాదు. అయితే ఆ బంగారం బీరువాలో నిద్రపోతుంది, బండి వీధిలో వేపచెట్టు కింద నిద్రపోతుంది!

పైగా మాది సరిహద్దు మండలం. ఇటు పోతే కర్ణాటక, అటు పోతే తమిళనాడు. బిసానత్తం దాటి ఇంకాస్త పోతే కోలారు బంగారు గనులు. ఆ గనులు 2001లోనే మూతపడ్డాయి. 2018లో యశ్ సినిమా వచ్చాక గానీ మా కుర్రకారుకి పక్కనే అంత గొప్ప ఊరుందని తెలియలేదనుకోండి, అది వేరే సంగతి. చెప్పొచ్చేదేమిటంటే, మా వీధిలో బండి ఎత్తినవాడికి తెల్లారేలోగా మూడు రాష్ట్రాలు అందుబాటులో ఉంటాయి.

అసలు ఈ పెద్ద బండ్లకి చెడ్డపేరు తెచ్చింది కూడా మన సినిమావాళ్లే. 1984లో మారుతి వ్యాన్ వచ్చింది. 1988లో దానికి ఓమ్ని అని పేరు మార్చారు. పక్కకి జరిగే ఆ తలుపు చూడగానే మన దర్శకులకి కిడ్నాప్ సీన్లు తన్నుకొచ్చాయి. సర్రున తలుపు జరగడం, అమ్మాయిని లోపలికి లాగడం... 2019లో ఆ బండి తయారీ ఆగిపోయింది గానీ ఆ పేరు మాత్రం పోలేదు. ఇక 1994లో వచ్చిన సుమోలు ఫ్యాక్షన్ సినిమాల్లో ఎన్ని గాల్లోకి లేచాయో లెక్కపెట్టినవాడు లేడు.

సరే, అసలు కథకొస్తాను. 2023లో కుప్పం గంగమ్మ జాతరకి వెళ్లాం. బండిని తాళం వేసి, లాగి చూసి మరీ వెళ్లాడు నాన్న. రాత్రి తిరిగొచ్చేసరికి బండి నిండా జనం! ముందు సీట్లో ఓ పెద్దాయన, వెనక ఆడవాళ్లు, పిల్లలు, బొరుగుల మూటలు.

"అన్నా, ఇది మా బండి" అన్నాను.

"యాడ్నో చూసి మాట్లాడప్పా! నా బీగంచెవితోనే కదా తెరిచింది? బ్యాటరీ పోయినట్టుండాది, స్టార్టే కాలే" అన్నాడాయన.

"ఒకసారి దిగి నంబరు చూడన్నా."

దిగి చూశాడు. నాలుక కరుచుకున్నాడు. అదే మోడలు, అదే రంగు బండి ఆయనది ఇంకో నాలుగు బండ్ల అవతల ఉంది. ఆడవాళ్లు నవ్వుతూ దిగారు, మా అవ్వ చేతిలో రెండు పిడికిళ్లు బొరుగులు పోశారు. అందరూ నవ్వారు. నాన్న ఒక్కడే నవ్వలేదు. వేరేవాళ్ల తాళంతో మా తలుపెలా తెరుచుకుంది?

మర్నాడు మెకానిక్కు విప్పి చూపించాడు. తాళంలో చిన్న చిన్న ఇత్తడి పలకలుంటాయి. సరైన తాళంచెవి పెడితేనే అవన్నీ ఒక వరసకొస్తాయి. ఏళ్ల తరబడి వాడితే అరిగిపోయి, కొంచెం పోలిక ఉన్న ప్రతి చెవినీ చుట్టమనుకుంటాయి! మరి ఇంజను ఎందుకు స్టార్టు కాలేదంటారా? తాళంచెవి తలలో గింజంత చిప్ ఉంటుంది. దానికి బ్యాటరీ కూడా ఉండదు. తాళం పెట్టే చోట చుట్టూ ఉన్న తీగచుట్ట దానికి కరెంటు అందిస్తుంది, అది తన రహస్య సంఖ్యతో జవాబు చెబుతుంది. జవాబు సరిపోతేనే ఇంజనుకి డీజిల్ అందుతుంది. కాబట్టి హీరోగారు ఎన్ని వైర్లు చిటుక్కుమనిపించినా ఈ బండి కదలదు.

అలాగని చిప్‌ని మరీ నమ్మకండి. మెగామోస్ అనే రకం చిప్ గుట్టును బ్రిటన్, నెదర్లాండ్స్ పరిశోధకులు రట్టు చేస్తే, 2013లో ఫోక్స్‌వాగన్ కంపెనీ లండన్ కోర్టుకెళ్లి ఆ వ్యాసం అచ్చు కాకుండా ఆపించింది. రెండేళ్లు డబ్బాలో మూలిగి 2015లో విడుదలైంది... ఒకే ఒక్క వాక్యం కత్తిరించి! మన సెన్సారువాళ్లు కూడా ఇంత పొదుపుగా కత్తెర వెయ్యరు.

కొత్త బండ్ల సంగతి ఇంకో రకం. జేబులో తాళం ఉంటే చాలు, తలుపు తెరుచుకుంటుంది. దొంగలు ఇద్దరొస్తారు. ఒకడు బండి దగ్గర, ఇంకొకడు మీ ఇంటి గోడ దగ్గర. గోడకవతల ఉన్న మీ తాళం మాటని పెట్టెలతో పెంచి బండికి వినిపిస్తారు. ఓనరొచ్చాడనుకుని బండి తలుపు తీస్తుంది! గట్టిగా మూతపడే స్టీలు డబ్బాలో తాళం పెడితే ఆ మాట బయటికి రాదు. అంతకంటే ఘోరం, 2022లో లండన్‌లో ఇయాన్ టేబర్ అనే ఆయన టొయోటా రావ్4 పోయింది. హెడ్‌లైటు దగ్గర వైర్లలోంచి బండి మెదడుకి దొంగ కబురు పంపి ఎత్తుకుపోయారు. ఆయన చేసే పని ఏమిటనుకున్నారు? కార్ల సెక్యూరిటీ పరిశోధన!

మా బండికి అంత తెలివైన దొంగ అక్కర్లేదు. అమ్మినాయన ఒకటే తాళం ఇచ్చి రెండోది పోయిందన్నాడు. నిజంగా పోయిందో, ఎవరి జేబులో ఉందో ఎవరికి తెలుసు? జాతర అయిన వారానికే తలుపుల తాళాలు మార్పించి, పాత చెవుల సంఖ్యలన్నీ చెరిపించి, రెండు కొత్త చెవులకి మాత్రమే బండి పలికేలా చేయించాం. గేరుకి ఇనప తాళం కూడా వేయించాం. బండి కింద వేలాడే స్టెప్నీ టైరుకి నాన్న గొలుసు చుట్టాడు. అది చూసి మా మెకానిక్కు "గంగిరెద్దుకి గంట కట్టినట్టుండాది సార్" అన్నాడు. ఉండనీ! అంతకుముందు స్టెప్నీ పోయింది మా వీధిలో రెండిళ్లకి.

ఈ నవ్వులాటంతా ఇక్కడికి ఆపుతాను. మా వీధి చివర ఒక అన్న ఉన్నాడు. పెళ్లిళ్లకి బండి తిప్పేవాడు. నిరుడు అది పోయింది. స్టేషన్‌లో వెంటనే ఎఫ్.ఐ.ఆర్. కట్టారు. కానీ ఆయనకున్నది థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు. చట్టప్రకారం అది తప్పనిసరి, అయితే మన బండివల్ల ఎదుటివాడికి జరిగిన నష్టానికే అది. దొంగతనానికి పైసా రాదు. సమగ్ర పాలసీ ఉంటే దొరకలేదని పోలీసులిచ్చే కాగితమూ, తాళంచెవులు రెండూ ఇవ్వాలి. ఇక్కడే ఒక్క చెవితో బండి కొన్నవాళ్లకి కష్టం. ఇంకో మాట, ఎఫ్.ఐ.ఆర్. వెంటనే కట్టించి ఉంటే, కంపెనీకి చెప్పడం ఆలస్యమైందన్న ఒక్క సాకుతో క్లెయిము కొట్టెయ్యకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది మీ ఇంట్లో పెద్దవాళ్లకి చదివి వినిపించండి.

ఆ అన్న ఇప్పుడు తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరులో పనికి పోయి చీకటి పడ్డాక వస్తున్నాడు. బండి అప్పు కంతులు ఇంకా రెండేళ్లున్నాయి. ఆదివారం సినిమాకి బయల్దేరినప్పుడు ఆయన పిల్లలు ముగ్గురూ మా బండి దగ్గరికొచ్చి నిలబడతారు. ఎనిమిది మంది బండిలో మేం పదకొండు మంది సర్దుకుంటాం. పెద్దోడు మాత్రం ఎక్కేముందు రోజూ ఒకటే అడుగుతాడు, "అన్నా, గేరు బీగం తీసినావా?" అని.