ఉత్తర చెన్నై జబ్బులే స్టాన్లీకి దారి చూపాలి

పాత వాషర్‌మెన్‌పేట్‌లోని స్టాన్లీ ప్రభుత్వాస్పత్రి అభివృద్ధి మాట వచ్చినప్పుడల్లా పాలకుల నోట వినిపించేవి కొత్త భవనాల అంతస్తులు, పడకల సంఖ్య, యంత్రాల ఖరీదు. అవి అక్కర్లేదని ఎవరూ అనరు. ఉత్తర చెన్నై శ్రామికవాడలకూ, తిరువళ్లూరు జిల్లా పల్లెలకూ, సూళ్లూరుపేట వైపు నుంచి లోకల్ రైలెక్కి వచ్చే తెలుగువారికీ ఈ పెద్దాస్పత్రే ఆసరా. అయితే ఇక్కడ ఏ విభాగం పెరగాలో, ఏ సేవ ముందు రావాలో దేన్ని బట్టి నిర్ణయించాలి? వేరే నగరంలో ఉన్నది మనకూ ఉండాలన్న పోటీని బట్టి కాదు, ఈ ప్రాంతపు జనం ఏ జబ్బుతో వస్తున్నారన్న దాన్ని బట్టి. అందుకే వృత్తి వ్యాధులకూ, పారిశ్రామిక కాలుష్యం తెచ్చే రుగ్మతలకూ స్టాన్లీలో పూర్తిస్థాయి విభాగం ఆలస్యం లేకుండా ఏర్పాటు కావాలని మేము కోరుతున్నాం.

ఈ కోరికకు ఆ ఆస్పత్రి చరిత్రే సాక్ష్యం. హైదర్ అలీతో యుద్ధం, దాని వెంట కరువు వచ్చి పడ్డప్పుడు అన్నం దొరకని జనానికి గంజి పోసేందుకు 1782లో మణేగార్ సత్రం వెలిసింది. ఆకలితో వచ్చినవారిలో రోగులూ ఉంటారు కాబట్టి సత్రం పక్కన వైద్యం మొదలై, క్రమంగా ఆస్పత్రి అయింది. దాన్ని గంజితొట్టి ఆస్పత్రి అని పిలిచిన తరాలు ఉన్నాయి. 1930లలో ఇక్కడి వైద్య పాఠశాలకు నాటి మద్రాసు గవర్నర్ జార్జ్ ఫ్రెడరిక్ స్టాన్లీ పేరు పెట్టారు. 1938లో అది మెడికల్ కాలేజీ అయింది. ఇప్పుడు ఏటా 250 మంది ఎంబీబీఎస్‌లో చేరుతున్నారు. ఇంత పెద్ద సంస్థకు పునాది ఒక నమూనా పథకం కాదు, కళ్లెదుట కనబడ్డ అవసరం.

స్టాన్లీకి దేశవ్యాప్తంగా పేరు తెచ్చిన చేతి శస్త్రచికిత్స విభాగానిదీ అదే కథ. డాక్టర్ ఆర్. వెంకటస్వామి 1971లో దాన్ని ప్రారంభించారు. ఫ్యాక్టరీలు, వర్క్‌షాపులు, రేవు చుట్టూ అల్లుకున్న ప్రాంతం ఇది. పవర్ ప్రెస్ కింద వేళ్లు నలిగితే కార్మికుడి బతుకుతెరువే పోతుంది. తెగిన వేలిని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని ఐసులో ఉంచి తేవాలి. ఐసు నేరుగా తగిలితే వేలు పాడవుతుంది. ఆ పైన సర్జన్ మైక్రోస్కోపు కింద మిల్లీమీటరు వెడల్పు ఉండీ లేనట్టున్న రక్తనాళాలను వెంట్రుక కన్నా సన్నని దారంతో కుట్టాలి. అతికిన వేలు వంగి, మళ్లీ స్పానర్ పట్టుకునే దాకా నెలల తరబడి ఫిజియోథెరపీ చేయించాలి. శస్త్రచికిత్స, పరిశోధన, పునరావాసం ఒకే చోట జరగాలన్న ఆలోచన ఈ అవసరంలోంచే వచ్చింది. పేట కష్టానికి జవాబు వెతికినందువల్లే స్టాన్లీ దేశానికి పాఠం చెప్పగలిగింది.

చేతులకు చేసిన ఆ పని ఊపిరితిత్తులకు ఎందుకు చేయకూడదు? మణలిలో చమురు శుద్ధి కర్మాగారం, రసాయన పరిశ్రమలు. ఎన్నూరు వైపు బొగ్గు విద్యుత్ కేంద్రాలు, బూడిద చెరువులు. కొడుంగయ్యూరులో దశాబ్దాలుగా పేరుకున్న చెత్త. హార్బరుకు పగలూ రాత్రీ తిరిగే కంటెయినర్ లారీలు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదల వేళ ఎన్నూరు క్రీక్‌లో చమురు తెట్టుకట్టి జాలర్ల పడవలనూ వలలనూ పాడు చేసింది. ఆ నెలాఖరులోనే పెరియకుప్పం దగ్గర సముద్రంలోని పైపులైను నుంచి అమ్మోనియా లీకై, అర్ధరాత్రి జనం ఊపిరాడక ఇళ్లు వదిలి పరుగులు తీశారు. ఇలాంటివి జరిగిన రాత్రి చికిత్స అందించడం ఒక ఎత్తు. ఆ గాలి పీల్చినవారిని ఏళ్ల తరబడి పరీక్షిస్తూ రావడం మరో ఎత్తు. ఆ రెండో పనికి ప్రత్యేక విభాగం, స్థిరమైన సిబ్బంది ఉండాలి. కేస్ షీట్‌లో వృత్తి అన్నచోట ‘కూలీ’ అని ఒక్క మాట రాసి వదిలేస్తే, దగ్గుతో వచ్చిన మనిషి బొగ్గు దించాడో, బూడిద ఎత్తాడో, సిమెంటు బస్తాలు మోశాడో డాక్టరుకు తెలిసే దారి లేదు. కారణం తెలియకుండా ఇచ్చిన మందుతో అతను మళ్లీ అదే దుమ్ములోకి వెళతాడు. వృత్తి వ్యాధిని గుర్తించిన వైద్యుడు ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 89వ సెక్షన్ చెప్పింది. 2020 కార్మిక భద్రతా కోడ్ కూడా ఆ బాధ్యతను కొనసాగించింది. గుర్తించే ఏర్పాటే బలంగా లేనిచోట తెలియజేయడం ఎలా సాధ్యం?

కార్మికులకు ఈఎస్ఐ ఉంది కదా అని కొందరంటారు. ఉంది, అయనావరంలో దాని ఆస్పత్రీ ఉంది. కాని ఈఎస్ఐ సాధారణంగా వర్తించేది పదిమందికి తగ్గకుండా పనిచేసే సంస్థల్లో, నెలకు 21,000 రూపాయల లోపు జీతమున్న నమోదైన ఉద్యోగులకే. రోజుకూలీ హమాలీ, చెత్త ఏరుకునే స్త్రీ, వేటకు వెళ్లే జాలరి, ఫ్యాక్టరీ గోడ పక్కన పెరిగే పసివాడు దాని పరిధిలో లేరు. కాలుష్యం సంగతి కాలుష్య నియంత్రణ మండలి చూసుకోవాలన్నది రెండో వాదన. మండలి గాలిని కొలుస్తుంది. ఆ గాలి పీల్చిన మనిషిని పరీక్షించాల్సింది ఆస్పత్రే. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే తప్ప ఏ పరిశ్రమ వల్ల ఎవరికి నష్టమో తేలదు. నిర్దోషులైన యాజమాన్యాలకు కూడా అదే రక్షణ.

రిఫరల్ ఆస్పత్రి రాష్ట్రమంతటిదీ, ఒక ప్రాంతానికి పరిమితం చేస్తారా అన్న ఆక్షేపణ మరింత ఆలోచించదగ్గది. స్థానిక అవసరంలోంచి పుట్టిన నైపుణ్యం స్థానికంగానే ఆగిపోదనడానికి చేతి విభాగమే రుజువు. గిండీలో 2023 జూన్‌లో 1,000 పడకల సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి ప్రారంభమయ్యాక, అక్కడున్నవే ఇక్కడా పెట్టాలన్న ఒత్తిడి కొంతైనా తగ్గాలి. ఇక డబ్బు. శ్వాస సామర్థ్యం కొలిచే స్పైరోమీటర్, వినికిడి పరీక్ష గది, రక్తంలో సీసం శాతం చూసే ల్యాబ్, వీటికయ్యే ఖర్చు ఒక కొత్త భవనపు ఖర్చు ముందు ఏపాటిది? ఎక్కువ ఖర్చయ్యేది శిక్షణ పొందిన మనుషులకు, అదీ ఏటా. ప్రజారోగ్యంపై ప్రభుత్వ వ్యయం 2025 నాటికి జీడీపీలో 2.5 శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం పెట్టుకున్న లక్ష్యం నెరవేరనే లేదు. ఆ బాకీని శ్రామికవాడల దగ్గర తీర్చడం మొదలుపెట్టడమే న్యాయం.

జనం దగ్గరకే వెళ్లి జబ్బులు కనిపెట్టడం తమిళనాడుకు కొత్త కాదు. 2021లో మొదలైన ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం కింద సిబ్బంది ఇంటింటికీ వెళ్లి బీపీ, షుగర్ చూస్తున్నారు. వారే మరో రెండు ప్రశ్నలు అడగాలి: ఏం పని చేస్తారు, ఎన్నేళ్లుగా? అనుమానం ఉన్నవారిని తండయార్‌పేట్ ఆస్పత్రిలో పరీక్షించి, అవసరమైతే స్టాన్లీకి పంపాలి. స్టాన్లీలో ఛాతీ వైద్యులు, చర్మ వైద్యులు, కమ్యూనిటీ మెడిసిన్ అధ్యాపకులు కలిసి నడిపే వృత్తి వ్యాధుల క్లినిక్ వారం వారం జరగాలి. అక్కడ తమిళంతో పాటు తెలుగులోనూ రోగి మాట విని రాసుకునేవారు ఉండాలి. వైద్య విద్యార్థులకు అది తప్పనిసరి పాఠం కావాలి. పేర్లు బయటపెట్టకుండా జబ్బుల లెక్కలను ఏటా ప్రచురించాలి. రాబోయే బడ్జెట్‌లోనే ఇందుకు పోస్టులు మంజూరు చేసి, విభాగం ఎప్పుడు తెరుచుకుంటుందో ప్రభుత్వం శాసనసభలో తేదీతో సహా ప్రకటించాలి.