షుగరున్న పిలగాండ్లకు మూత్ర పరీక్ష ఏది?

మా చిన్నమ్మ కొడుకుకు 19 ఏండ్లకే టైప్-1 షుగర్ వచ్చింది. ఎనిమిదేండ్ల సంది ఇన్సులిన్ మీదనే ఉన్నడు. మూడు నెలలకోసారి పరగడుపున, తిన్నంక రక్తం ఇచ్చి వచ్చేటోడు. మూత్రం మాత్రం ఒక్కసారి గూడ ఎవ్వరూ అడగలె. మొన్న ఎండకాలం కాళ్లు వాచినయ్. చూస్తే మూత్రంల ప్రొటీన్ మస్తుగ పోతున్నది. ‘ఇంత లేటుగ వచ్చిన్రేంది?’ అన్నడు డాక్టర్. మేం ఎనిమిదేండ్ల సంది దవాఖానకే తిరుగుతున్నం. ఇంకా ముందుగాల ఏడికి పోవాలె?

కిడ్నీ ఖరాబైతున్నప్పుడు నొప్పి ఉండది. ‘క్రియాటినిన్ నార్మలే’ అని చాలామంది ధైర్యంగ ఉంటరు. కానీ కిడ్నీ పనితనం దాదాపు సగం పడిపోయేదాంక అది పెరగకపోవచ్చు. అంతకంటె మస్తు ముందే మూత్రంల అల్బుమిన్ అనే ప్రొటీన్ కొంచెం కొంచెం కారుడు మొదలైతది. మామూలు పట్టీ పరీక్షకు గది దొరకది. ‘అల్బుమిన్-క్రియాటినిన్ రేషియో’ పరీక్ష చేయాలె. చిన్న డబ్బాల మూత్రం ఇస్తే చాలు. 30 లోపుంటే మంచిదే. 30 నుంచి 300 మధ్యల ఉంటే హుషారు కావాలె. జెరమొచ్చినా, బాగ కష్టం చేసినా ఒక్కోసారి పెరుగుతది. అందుకే మూడు నుంచి ఆరు నెలల్ల మూడుసార్లు చూస్తరు. రెండుసార్లు ఎక్కువ వస్తెనే ఖాయం. గా టైంల దొరికితే షుగర్, బీపీ అదుపుల పెట్టి, డాక్టర్ రాసే గోలీలతోటి జబ్బు జోరు తగ్గించొచ్చు. కొందరికి వెనక్కి గూడ మళ్లుతది.

టైప్-1 ఉన్నోళ్లకు ఐదేండ్లు నిండినంక ఏటా ఈ పరీక్ష కావాలె. టైప్-2 ఎప్పటిసంది ఉన్నదో ఎవ్వలికీ తెల్వదు కాబట్టి బయటపడ్డ నాటి సందే చేయాలె.

మరి సర్కార్ సంగతేంది? ఊర్లల్ల ఇంటింటికి తిరిగి చేసే షుగర్, బీపీ సర్వే 30 ఏండ్లు నిండినోళ్లకే. 20 ఏండ్ల పిలగాడు ఆ లెక్కలనే లేడు. ఇటు డయాలసిస్‌కు 2016 సంది కేంద్రం స్కీం ఉన్నది, ఆరోగ్యశ్రీ ఉన్నది. ఉండాల్సిందే, నేను కాదంటలేను. కానీ వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు మిషన్ పక్కన పండుకునే పిలగాని సదువు ఏమైతది, కొలువు ఏమైతది? ఆఖరికి మిషన్ ఇచ్చేటోళ్లు మొదట్ల మూత్రం డబ్బా ఇయ్యలేరా? వయసుతోని పనిలేకుంట షుగరున్న ప్రతి ఒక్కరికి ఈ పరీక్ష పీహెచ్‌సీలనే ఏటా ఫ్రీగ చేయాలె.

తమ్ముడూ, చెల్లే, అప్పటిదాంక మనమే అడగాలె. ఈసారి దవాఖానకు పోతే ‘సార్, నా మూత్రంల అల్బుమిన్ చూసిన్రా?’ అని అడుగున్రి. ఒళ్లు నొప్పులకు ఊకూకె గోలీలు మింగుడు బంద్ పెట్టున్రి, అవి గూడ కిడ్నీని దెబ్బతీస్తయ్. మా తమ్ముడు డయాలసిస్ దాంక పోలె, గోలీల మీద ఉన్నడు. మూడేండ్ల కిందనే ఎవరన్న ఆ డబ్బా చేతికిచ్చి ఉంటే ఇయ్యాల మా చిన్నమ్మకు నిద్ర పట్టేది.