చవక ఊరు కాదిది

హైదరాబాద్ వదిలి హన్మకొండకు వస్తున్నవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. కిరాయిలు కట్టలేక కొందరు, ట్రాఫిక్‌లోనే సగం బతుకు పోతోందని కొందరు, ల్యాప్‌టాప్ ముందేసుకుని ఇంట్లోనే ఉద్యోగం చేసుకునే వీలు దొరికి కొందరు. నేనూ అట్లా వచ్చిన మనిషినే. వచ్చిన ప్రతివాళ్లూ చుట్టాలకు ఫోన్ చేసి రెండు మాటలే చెబుతారు: చవక, ప్రశాంతం. ఆ రెండు మాటలు వింటే నాకు ఒళ్లు మండుతుంది.

చవక ఎవరి చెమటతో వచ్చింది? అంట్లు తోమే అమ్మకు, ప్రైవేటు బడి పంతులమ్మకు, నర్సింగ్ హోంలో రాత్రి డ్యూటీ చేసే పిల్లకు ఇక్కడ చేతిలో పెట్టేది తక్కువ. మనకు మిగిలిందంతా వాళ్లకు దక్కనిదే. ప్రశాంతం సంగతి ఇంకా దుర్మార్గం. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ, ఇవాళ్టి నిట్, హన్మకొండ, కాజీపేట, వరంగల్ కలిసిన ఈ ఊళ్లోనే ఉంది. 1976 నుంచి కాకతీయ యూనివర్సిటీ ఉంది. కాకతీయ మెడికల్ కాలేజీ ఉంది. ఇంత చదువు చెప్పే ఊరు సొంత పిల్లలకు ఉద్యోగం మాత్రం చూపలేక కాజీపేట స్టేషన్‌కు దారి చూపిస్తోంది. వెళ్లిపోయినవాళ్లు వెళ్లిపోగా, ఉన్నవాళ్లు పాస్ తీసుకుని 130 కిలోమీటర్ల అవతలి సికింద్రాబాద్‌కు రోజూ వెళ్లివస్తున్నారు. పడుచువాళ్లు ఖాళీ చేసిన వీధిలో కూర్చుని, ఆహా ఎంత నిశ్శబ్దమో అని మురిసిపోతామా?

ఈ ఊరు దానంతటది చిన్నబోలేదు, చిన్నబుచ్చారు. 1934లో నిజాం పెట్టించిన ఆజంజాహి మిల్లు తరాల తరబడి వేల కుటుంబాలకు అన్నం పెట్టింది. దాన్ని మూసేశారు, ఆ నేలను ప్లాట్లు కొట్టి అమ్మారు. కాజీపేటకు వస్తుందని ఆశపెట్టిన రైలు పెట్టెల ఫ్యాక్టరీ 1985లో పంజాబ్‌లోని కపూర్తలాకు పోయింది. ఇక్కడ రైల్వే తయారీ యూనిట్‌కు పునాదిరాయి పడేసరికి 2023 జులై. మామునూరులో నిజాం కాలపు విమానాశ్రయం 1981లో మూతపడింది. ఆ తర్వాత హైదరాబాద్ శంషాబాద్ విమానాశ్రయ ఒప్పందంలో, 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం రాకూడదని రాసుకున్నారు. ఆ అడ్డు తొలగి కేంద్రం అనుమతి వచ్చింది 2025లో. విమానం ఎక్కాలన్న సరదా నాకు లేదు. కానీ ఒక నగరం ఎదుగుదలకు ఇంకో నగరం వ్యాపార ఒప్పందంలో హద్దురాయి పాతడానికి వీళ్లెవరు? ఒక్క ప్రభుత్వాన్ని అని లాభం లేదు. జెండాలు మారాయి, చూపు మాత్రం హైదరాబాద్ దాటి రాలేదు.

ఇక వచ్చినవాళ్లం మనం చేస్తున్నదేమిటి? గజం ఎంత అని అడుగుతున్నాం. ఊళ్లో ఏ ఇద్దరు కలిసినా ప్లాటు మాటే. ఆ ప్లాటు కింద ఏముండేదో అడిగే నాథుడు లేడు.

కాకతీయుల నాడు ఈ నేలకు గొలుసుకట్టు చెరువుల ఏర్పాటు చేశారు. పై చెరువు నిండితే మత్తడి దుంకి కింది చెరువుకు, అది నిండితే ఇంకో దానికి. ఈ రాతినేల మీద పడ్డ వానను పట్టి ఉంచడానికీ, మిగిలిన నీళ్లను ఎవరి ఇల్లూ ముంచకుండా సాగనంపడానికీ అదే ఉపాయం. ఎక్కడైనా ఒక లంకె తెగితే నీళ్లు ఆగవు, ఇళ్లలోకి వస్తాయి. మనం తెంచింది ఒకటి కాదు. చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమిలో వెంచర్లు వేశారు. నాలాలను పిల్ల కాలువలంత చేసి, గోడలు కట్టి, పైన షట్టర్లు లేపారు. అనుమతి లేని లేఅవుట్లకు ఎల్‌ఆర్‌ఎస్ పేరుతో డబ్బు కట్టించుకుని ముద్ర వేసే పద్ధతి ఉండనే ఉంది.

2020 ఆగస్టులో హన్మకొండ కాలనీలు మునిగాయి. 2023 జులైలో వరంగల్ వైపు ఎన్టీఆర్ నగర్, బీఆర్ నగర్ లాంటి బస్తీల్లో జనాన్ని పడవల్లో తరలించారు, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. 2025 అక్టోబర్ చివర మొంథా తుపాను వానకు మళ్లీ అదే కథ. ప్రతిసారీ తడిసిన బియ్యం, బురద పట్టిన పిల్లల పుస్తకాలు వాకిట్లో ఆరబెట్టుకునేది నాలా ఒడ్డు పేదవాళ్లు. వెంచర్ వేసిన పెద్దమనిషి ఇంటికి చుక్క నీరు రాలేదు. దీన్ని ప్రకృతి వైపరీత్యమని రాసేవాళ్లను చూస్తే నాకు అసహ్యం. వాన ప్రకృతి పని. నాలాలో పిల్లర్ లేపింది మనిషి, దానికి సంతకం పెట్టింది ఇంకో మనిషి.

పైగా ఊరికి ఇద్దరు కలెక్టర్లు! 2016లో పాత జిల్లాను ముక్కలు చేశారు, 2021లో హనుమకొండ, వరంగల్ అని పేర్లు మార్చారు. ఒకే కార్పొరేషన్, ఒకే వరద, రెండు జిల్లాలు. పడవ కావాల్సిన రాత్రి ఏ కలెక్టరేట్‌కు ఫోన్ చేయాలో జనం వెతుక్కోవాలా?

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతు, ములుగు, భూపాలపల్లి నుంచి రోగిని పెద్దాసుపత్రికి మోసుకొచ్చే కుటుంబం ఈ ఊరినే నమ్ముకున్నాయి. వాళ్లకు ఇంకో ఊరు లేదు. మనకు మాత్రం హైదరాబాద్ అనే వెనక తలుపు ఎప్పుడూ తెరిచే ఉంది. ఓటు అక్కడే ఉంచుకుంటాం, డాక్టర్ అక్కడే, పండగ బట్టలూ అక్కడే. ఇక్కడ గాలి పీల్చి, చెరువు గట్టున వాకింగ్ చేసి, ప్లాటు ధర పెరిగిందో లేదో చూసుకుంటాం. దీన్ని కాపురం అనను. వలస పాలకులు చేసిన పని కూడా ఇదే.

కాళోజీ తన కవిత్వానికి ‘నా గొడవ’ అని పేరు పెట్టుకుని బతికిన ఊరిది. గొడవ చేద్దాం. ప్రతి చెరువు నిండితే నీళ్లు నిలిచే ఎఫ్‌టీఎల్ హద్దు, ప్రతి నాలా అసలు వెడల్పు ఆ డివిజన్‌లో గోడ మీద రాయించమని అడుగుదాం. శిఖంలో ఇచ్చిన అనుమతుల కింద ఎవరి సంతకం ఉందో సమాచార హక్కు చట్టం కింద రాబడదాం. ఇల్లు కూల్చాల్సివస్తే ముందు షట్టర్లూ ఫంక్షన్ హాళ్లూ కూల్చాలని, పేదవాడికి పక్కా ఇల్లు చూపించాకే అతని గుడిసె ముట్టాలని పట్టుబడదాం. పనమ్మకు, పంతులమ్మకు హైదరాబాద్‌లో ఇచ్చేంత జీతం మన చేతులతో మనమే ఇద్దాం, దానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కర్లేదు. అన్నిటికంటే ముందు ఫారం 8 నింపి ఓటు ఇక్కడికి మార్చుకోండి. కార్పొరేటర్ మీ పేరు గుర్తుపట్టేదాకా ఆఫీసు మెట్లు ఎక్కండి.

అప్పటిదాకా ఈ ఊరు చాలా బాగుందండీ అని నాతో అనకండి.