పట్టికకు అందని దోషము
యంత్రగర్భమున నిక్షిప్తమైన సాఫ్ట్‌వేర్‌ను ముందుగా వ్రాసికొన్న ప్రశ్నల పట్టికతో పరీక్షించి, అన్నిటికిని సరియైన జవాబులే వచ్చినవని తృప్తిపడువారిని చూచినపుడెల్ల, 1997 జులై 4న అంగారకునిపై దిగిన పాత్‌ఫైండర్ నౌక నాకు జ్ఞప్తికి వచ్చును. దిగిన కొలది దినములకే ఆ నౌకలోని కంప్యూటరు తనంతట తానే మాటిమాటికి పునఃప్రారంభము కాజొచ్చెను; వాతావరణ సమాచారమును సేకరించు అల్పప్రాధాన్యపు పనియొకటి ఉమ్మడి వనరుకు తాళము వేసికొని యుండగా, మధ్యమప్రాధాన్యపు పనులు దానిని ముందుకు సాగనీయకుండుటచే, ఆ తాళమునకై వేచియున్న ఉన్నతప్రాధాన్యపు పని గడువు దప్పుటయే దీనికి కారణము (బీరువా తాళపుచెవి గుమాస్తా జేబులో నుండిపోగా, కలెక్టరుగారు వరండాలో నిలువవలసి వచ్చినట్లు!). ఒక్కొక్క పనిని విడివిడిగా పరీక్షించువానికి ఇట్టి దోషము కనబడదు; అన్నియు ఒక్కుమ్మడిగా, ఊహించినదానికన్న అధికభారముతో, చిరకాలము నడచినగాని బయల్పడదు. ప్రయోగమునకు పూర్వమే ఈ పునఃప్రారంభము ఒకటి రెండుమార్లు తలసూపెను గాని, మరల రప్పింప వీలుగాక, కారణము తేలకయే నిలిచిపోయెను. నా కినుక యెల్ల ఇచ్చటనే. చిరకాలము నడచినగాని బయల్పడని దోషమునకు మరియొక ఉదాహరణ: 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో, నూరుగంటలకు పైగా నిర్విరామముగా నడచిన క్షిపణినిరోధక పేట్రియట్ వ్యవస్థ గడియారము సెకనులో మూడవవంతు తప్పి, వచ్చుచున్న స్కడ్ క్షిపణిని పట్టజాలకపోగా, 28 మంది అమెరికను సైనికులు మరణించిరి. పూటలో ముగియు ఏ పరీక్ష ఆ జాప్యమును చూపగలదు? పట్టిక వలదనుట లేదు, నిన్న దిద్దిన తప్పు నేడు మరల దూరకుండ అది కాపలా కాయును. కాని గడువు సమీపించి, పట్టికపరీక్ష, దీర్ఘభారపరీక్ష అను రెంటిలో నొకదానిని కుదింపవలసి వచ్చినపుడు, కార్యాలయములు కుదించునది ఎల్లప్పుడును ఆ దీర్ఘమైన భారపరీక్షనే.