పొరుగింటిపై పలికిన సాక్ష్యము



కొన్ని యేండ్ల క్రిందట నాగల్‌గిద్దలో ఒక విశ్వాసి యింట ప్రార్థన కూటము జరిగెను. ఆ కూటములో నేను ప్రసంగించుచు, "ముస్లిముల మతములో స్త్రీకి ఆత్మయే లేదు" అని గట్టిగా పలికితిని. అది సెమినరీ దినములలో ఒక పాత ఆంగ్ల పుస్తకములోనుండి వ్రాసికొన్న మాట. ప్రక్కయింటి ముస్లిము ముసలమ్మ అరుగుమీద కూర్చుండి వినుచుండెనని నేనెరుగను. కూటము ముగిసిన పిమ్మట ఆమె నన్ను పిలిచి, "అయ్యగారూ, మాకు ఆత్మ లేదని మీకెవరు చెప్పిండ్రు? మరి అయిదు పూటల నమాజు చేసేదెవరు?" అని అడిగెను. నాయొద్ద జవాబు లేకపోయెను.

ఇంటికి వచ్చి వెదకితిని. ఖురాను 33వ సూరా 35వ వచనములో విశ్వాసులైన పురుషులను, విశ్వాసులైన స్త్రీలను వెంటవెంటనే పేర్కొని, ఇరువురికిని క్షమాపణయు గొప్ప ప్రతిఫలమును కలవని వ్రాయబడియున్నది. ఆంగ్లేయ రాయబారి భార్యయైన లేడీ మేరీ మాంటేగు 1717లో తురుష్క దేశమునకు వెళ్లి, ఈ ఆత్మ మాట పొరపాటని తన ఉత్తరములలో వ్రాసెను. అవి 1763లో అచ్చుపడెను. అయినను మన పుస్తకములు మానలేదు, నేనును మానలేదు!

ఆస్తి సంగతి చూడుము. ఖురాను 4వ సూరా కుమార్తెకు కుమారుని వాటాలో సగము నియమించెను. సగమే గదా అందువేమో. నిజమే, సగమే. అయితే పెండ్లియైన స్త్రీ తన ఆస్తిని తన పేరనే పూర్తిగా ఉంచుకొను హక్కు క్రైస్తవ దేశమని పేరుగన్న ఇంగ్లండులో 1882 నాటి చట్టముతో గాని రాలేదు. ఇక ముసుగందువా? మన అమ్మలు ప్రార్థనలో కొంగు నెత్తిమీద కప్పుకొనుట పౌలు మాటనుబట్టియే గదా!

"అయ్యగారు వాళ్లను పొగుడుతున్నరు" అని మా సంఘపెద్ద ఒకరనిరి. పొగడుట లేదు. ఒక్క గుక్కలో మూడుమార్లు తలాక్ చెప్పి భార్యను వీధిలో నిలుపుట దుర్మార్గమే. 1991లో హైదరాబాదునుండి ఒక పసిపిల్లను ముసలి సౌదీవానికి కట్టబెట్టి పంపుచుండగా విమానములోని ఉద్యోగిని కనిపెట్టెను. అది మన రాష్ట్రపు సిగ్గు. కాని ఆ తలాక్‌ను 2017లో సుప్రీంకోర్టు కొట్టివేయునట్లు పోరాడినది మన కరపత్రములు కావు, ముస్లిము స్త్రీలే. 2024 జూలైలో మన తెలంగాణనుండి వెళ్లిన వ్యాజ్యములోనే, విడువబడిన ముస్లిము స్త్రీకి మనోవర్తి హక్కు కలదని ఆ కోర్టు తీర్పు చెప్పెను.

మరి మన కంటి దూలమో? 1869 నాటి విడాకుల చట్టము ప్రకారము క్రైస్తవ భర్తకు భార్య వ్యభిచారమొక్కటి చూపిన చాలును. భార్యయైతే వ్యభిచారముతోపాటు క్రూరత్వమో, విడిచిపోవుటయో మరియొకటి కూడ రుజువు చేయవలెను. ఇది 2001వరకు నడిచెను! తిరువాన్కూరు క్రైస్తవ కుమార్తెకు 1916 నాటి చట్టము ఇచ్చినది కుమారుని వాటాలో పావు, లేదా అయిదువేల రూపాయలు, ఏది తక్కువైన అది. సగమును చూచి నవ్విన మనకు పావు కనబడలేదు. మేరీ రాయ్ అను స్త్రీ కోర్టుకెక్కగా 1986లో గాని అది తొలగలేదు.

మనకు వర్తించు 1925 నాటి వారసత్వ చట్టములో కొడుకు కూతురు సమానమే. కాని మన గ్రామములలో ఏమి జరుగుచున్నది? "కట్నమిచ్చినము గదా" అని అక్కచెల్లెండ్రచేత వేలిముద్ర వేయించుకొందురు. అట్టి కాగితము ఒకటి మా సంఘములోనే సిద్ధమాయెను. సాక్షిగా సంతకము చేయుమని నన్నే అడిగిరి. నేను చేయలేదు. ఆ యింటివారు ఆరు నెలలు గుడికి రాలేదు.