పోలిక ఎవరికి కావాలి?

ఆ రోజు స్టాఫ్ రూములో అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఆ మాట ఒప్పుకోకుండా ఈ వ్యాసం రాస్తే న్యాయం కాదు.

2023 ఏప్రిల్ 28న బాపట్ల జిల్లా ఆలపాడులో ఒక అభిమాని తన ఇంటి ఆవరణలోనే నటి సమంతకు గుడి కట్టాడు. ఆమె పుట్టినరోజున విగ్రహం ఆవిష్కరించాడు. ఇంకేముంది, ఆ బొమ్మ ఫోటో అందరి ఫోన్లలోనూ తిరిగింది. పోలికే లేదని నవ్వులు. విజయనగరంలో మా కాలేజీ స్టాఫ్ రూములో కూడా ఒక ఫోన్ నలుగురి చేతులు మారింది. నలుగురమూ ఆడవాళ్ళమే. అందులో ఇద్దరం స్త్రీవాద సాహిత్యం మీద పరిశోధన చేసినవాళ్ళం. "ఇదేటండీ, ఈవిడా సమంత?" అని నేనన్న మాటకి టీ గ్లాసులు కింద పెట్టి మరీ నవ్వారు.

కొన్ని నెలల తర్వాత కాలేజీ పత్రికకి రచనలు అడిగాను. పలాస వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటున్న అమ్మాయి ఒక కవిత తెచ్చింది. జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనిచేసే తల్లి చేతుల గురించి, ఆ జీడి రసానికి నల్లబడి తోలు ఊడే వేళ్ళ గురించి రాసింది. తన ఇంట్లో మాట్లాడే మాటల్లోనే రాసింది. నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. పేరు, ఫోటో ఇమ్మన్నాను.

"ఎయ్యండి మేడమ్, కానీ పేరొద్దు. ఫోటో అసలొద్దు. నవ్వుతారు."

ఎవరు నవ్వుతారని అడిగాను. ఆ పిల్ల తల వంచుకుంది గాని జవాబు చెప్పలేదు. ఇంటికెళ్ళాక గుర్తొచ్చింది. ఆ రోజు మా స్టాఫ్ రూము గుమ్మంలో అసైన్‌మెంట్లు పట్టుకుని నిలబడ్డది ఈ పిల్లే.

అప్పటినుంచీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. మనం దేన్ని చూసి నవ్వాం? బొమ్మ బాగా కుదరలేదనా? అలా అయితే మన జంక్షన్లలో ఉన్న బొమ్మలన్నిటినీ చూసి నవ్వాలి కదా, ఎందుకు నవ్వం?

విజయనగరం నుంచి శ్రీకాకుళం దాకా బస్సులో కిటికీ పక్కన కూర్చుని చూడండి. అంబేద్కర్, గాంధీ, ఎన్టీఆర్, రాజశేఖరరెడ్డి. ఒక ఊళ్ళో ఉన్న అంబేద్కర్ ముఖానికీ పక్క ఊళ్ళో ఉన్న అంబేద్కర్ ముఖానికీ పొంతన ఉండదు. అయినా అది అంబేద్కరేనని చిన్న పిల్లవాడు కూడా చెబుతాడు. నీలం కోటు, కళ్ళజోడు, చేతిలో పుస్తకం, చాచిన వేలు. అంతే చాలు. ఆ విగ్రహాన్ని చూసి ఎవరూ నవ్వరు, నవ్వకూడదు కూడా. అది ఆ వాడ ఆత్మగౌరవం. గాంధీకి కర్ర చాలు. రాజశేఖరరెడ్డికి పంచెకట్టు, పైకెత్తిన చెయ్యి చాలు. ఇక మన గురజాడని మనలో చూసినవాళ్ళెవరు? పోలిక ఉందో లేదో తేల్చేదెవరు? ఆయన రాసింది మనకు తెలుసు కాబట్టి ఆ బొమ్మ ఆయనే.

మగవాడి విగ్రహానికి గుర్తు చాలు. ఆడదాని విగ్రహానికి పోలిక కావాలి. నా వాదన అంతా ఇదే.

గుర్తు అంటే ఏమిటి? మనిషి చేసిన పని. చదివాడు కాబట్టి పుస్తకం, నడిచాడు కాబట్టి కర్ర. నటికి మనం ఏ పని గుర్తు పెట్టుకున్నాం? 2010లో తెలుగు సినిమాల్లోకి వచ్చిన సమంత అన్నేళ్ళు చేసిన నటనలో ఏ ఒక్కటీ ఒక గుర్తుగా మన మనసుల్లో నిలవలేదు. నిలిచింది ముఖం ఒక్కటే. ఆ ముఖమైనా ఎలాంటిది? మేకప్పు వేసి, లైట్లు పెట్టి, ఫోటో తీశాక మళ్ళీ కంప్యూటర్లో నునుపు చేసిన ముఖం. శిల్పి ముందు మట్టితో నమూనా చేస్తాడు, దానిమీద అచ్చు తీస్తాడు, అచ్చులో ఫైబరో సిమెంటో పోస్తాడు. అతని బొటనవేలికి ఒక ముడత కావాలి, ఒక ఎముక కావాలి, కంటికింద ఒక గుంట కావాలి. ఆడవాళ్ళ ఫోటోల్లో మనం ముందు చెరిపేసేవి అవే. అన్నీ చెరిపేసిన ఫోటో శిల్పి చేతికిచ్చి, పోలిక రాలేదని నవ్వుతాం.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ విగ్రహం వెలవడానికి మూడు నెలల ముందు, 2023 జనవరిలో ఆమె ఒక సినిమా ట్రైలర్ ఆవిష్కరణకి వచ్చింది. కండరాల్ని దెబ్బతీసే మయోసైటిస్ అనే జబ్బుతో బాధపడుతున్నానని 2022 అక్టోబరులోనే బయటికి చెప్పింది. ట్రైలర్ సభలో ఆమెను చూసి ముఖంలో కళ పోయిందని రాశారు. నాలాగ నెలల తరబడి మందులు, చికిత్స మీకు ఎప్పుడూ రాకూడదని కోరుకుంటున్నానని ఆమె జవాబిచ్చింది. అంటే బతికున్న మనిషికే తన ఫోటోతో పోలిక లేదన్నారు. ఇక మట్టిబొమ్మ ఎంత?

మగవాళ్ళ బొమ్మల్ని చూసి కూడా నవ్వుతారు కదా అని మీరు అడగొచ్చు. నవ్వుతారు. 2017లో పోర్చుగల్‌కి చెందిన మదీరా దీవి విమానాశ్రయంలో ఫుట్‌బాల్ ఆటగాడు రొనాల్డో బొమ్మ పెట్టారు. ప్రపంచమంతా నవ్వింది. కానీ ఆ నవ్వంతా శిల్పి మీద పడింది. రొనాల్డో పరువు గోరంత కూడా తగ్గలేదు. 2023 సెప్టెంబరులో మైసూరులో ప్రభాస్ మైనపు బొమ్మ ఫోటోలు బయటికొచ్చినప్పుడు కూడా అంతే. మా హీరోకి అవమానం అని కోపం వచ్చింది. అనుమతి లేకుండా చేశారని, తీయించేస్తామని బాహుబలి నిర్మాతే ప్రకటించాడు. మగవాడి బొమ్మ చెడితే అది బొమ్మ చేసినవాడి తప్పు.

అమెరికాలో లూసిల్ బాల్ అనే హాస్యనటి ఉండేది. ఆమె పెరిగిన సెలొరాన్ అనే చిన్న ఊళ్ళో 2009లో కంచు విగ్రహం పెట్టారు. ఆమె చేతిలో మందుసీసా, చెంచా కూడా ఉన్నాయి. ఆ దేశంలో అందరికీ తెలిసిన ఒక హాస్య సన్నివేశం అది. అంటే గుర్తు ఉంది. అయినా సరిపోలేదు. ముఖం భయంకరంగా ఉందని 2015లో ఊరూవాడా గోల చేశారు. శిల్పి క్షమాపణ చెప్పుకున్నాడు. 2016లో ఒక మహిళా శిల్పి చేత ఇంకో విగ్రహం చేయించి పెట్టారు. సరే, బాగుంది. కానీ మొదటి బొమ్మకి లోకం ఏం పేరు పెట్టింది? 'భయపెట్టే లూసీ'. శిల్పి పేరు ఎవరికీ గుర్తులేదు. వెక్కిరింపు ఆమె పేరుకే అతుక్కుంది.

అందలం ఎక్కించేదీ, దించేదీ ఒకే చెయ్యి. తమిళనాడులో ఖుష్బూకి అభిమానులు గుడి కట్టారని మనందరం విన్నదే. పెళ్ళికి ముందు లైంగిక సంబంధాల గురించి 2005లో ఆమె తన అభిప్రాయం చెప్పింది. వెంటనే చీపుళ్ళూ చెప్పులూ పట్టుకుని రోడ్డెక్కారు. కేసుల మీద కేసులు పెట్టారు. 2010లో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసేదాకా కోర్టుల చుట్టూ తిరిగింది. దేవతకి నోరుండకూడదు. మా విజయనగరం పైడితల్లి అమ్మవారు కూడా ఒకప్పుడు ఆడపిల్లేనని మా నమ్మకం. 1757 బొబ్బిలి యుద్ధంలో పోయిన రాజు చెల్లెలు. పెద్దచెరువులోంచి తీసిన ఆమె విగ్రహానికి పోలిక ఉందా అని ఎవరూ అడగలేదు. ఊరి పొలిమేరలో పసుపు రాసిన రాయికి రెండు వెండి కళ్ళు అతికిస్తే అమ్మవారే. అంటే ఆడదానికి కూడా గుర్తు చాలు, కాకపోతే ఆమె చచ్చిపోయి ఉండాలి, మాట్లాడకుండా ఉండాలి.

బతికుండగా పనిచేసే ఆడదాని సంగతి మా ప్రాంతానికే తెలుసు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి. 1994లో, 1995లో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత. సిడ్నీ ఒలింపిక్స్‌కి 69 కిలోల విభాగంలో వెళ్ళింది. వెళ్ళబోయే ముందు పత్రికలు ఏం రాశాయి? లావైపోయిందని, తిండి ఎక్కువైందని రాశాయి. బరువులెత్తే మనిషి ఒంటిని అందాలపోటీ కళ్ళతో చూశారు. 2000 సెప్టెంబరు 19న ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. అప్పుడు ఆ ఒళ్ళే దేశానికి గర్వకారణం అయింది. నెత్తి మీద ఆ బార్బెల్ ఎత్తి పట్టుకున్న బొమ్మ చేస్తే ముక్కు ఎలా కుదిరిందని ఎవరైనా చూస్తారా?

మరి నాసిరకం విగ్రహాన్ని విమర్శించకూడదా అంటారు. తప్పకుండా విమర్శించాలి. నటికి గుడి ఎందుకని అడగాలి. ఆమెని అడిగే కట్టారా అని అడగాలి. 2020లో లండన్‌లో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ జ్ఞాపకంగా ఒక శిల్పం పెట్టారు. దానికోసం స్త్రీలు పదేళ్ళు చందాలు పోగుచేశారు. తీరా చూస్తే పైన చిన్న నగ్న స్త్రీ బొమ్మ. స్త్రీవాదులే నిలదీశారు. మగ తత్వవేత్తని ఇలా బట్టల్లేకుండా నిలబెడతారా అని అడిగారు. అది ఆమె గౌరవం కోసం చేసిన విమర్శ. కారణం చెప్పింది, పేరు పెట్టి మాట్లాడింది. మేం స్టాఫ్ రూములో చేసింది అది కాదు. మేం గుడి గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ముక్కూ మొహమూ చూసి నవ్వాం. పితృస్వామ్యం గురించి పాఠాలు చెప్పే నోళ్ళతోనే నవ్వాం.

ఆ నవ్వు విగ్రహం దగ్గర ఆగదు. ఆ ఊళ్ళో బొమ్మకి ఏమీ కాలేదు. గుమ్మంలో నిలబడ్డ పిల్లకి అయింది. నలుగురి ముందూ నిలబడితే ఏమవుతుందో ఆ పిల్ల మా దగ్గరే నేర్చుకుంది.

నాకూ ఆ భయం కొత్త కాదు. మొదటిసారి కథ రాసినప్పుడు మా ఇంటి మాటల్లోనే రాశాను. పంపే ముందు రాత్రంతా కూర్చుని 'ఏటి'ని 'ఏమిటి' చేశాను, 'ఎల్తన్నాను'ని 'వెళుతున్నాను' చేశాను. మా అమ్మమ్మ చేత కూడా పుస్తకాల భాష మాట్లాడించాను. ఫోటో స్టూడియోవాడు ముఖం నునుపు చేసినట్టు నా భాషని నేనే నునుపు చేశాను. కథ తిరిగొచ్చింది. పాత్రలకి ప్రాణం లేదని రాశారు. నిజమే, ప్రాణం నేనే తీశాను. నిజానికి తిరిగొచ్చిన కవరు నన్ను అంత బాధపెట్టలేదు. తిరస్కారం ఇద్దరి మధ్య ఉండే సంగతి, చించి పారేస్తే ఎవరికీ తెలీదు. నాకు భయం నవ్వంటే. మన ఆడవాళ్ళలో ఎంతమంది రాసింది దాచుకున్నారో, పంపేముందు ఎంతమంది తమని తామే చెరిపేసుకున్నారో ఎవరు లెక్కపెట్టారు? సంపాదకులు తిప్పిపంపిన వాటికంటే మనం పంపనివే ఎక్కువని నా అనుమానం.

ఆ అమ్మాయిని మళ్ళీ పిలిచాను. ఆ రోజు నవ్వింది నేనేనని, తప్పు చేశానని చెప్పాను. లెక్చరర్ విద్యార్థికి తప్పు ఒప్పుకోవడం మా దగ్గర అలవాటు లేదు, ఆ పిల్లే ఇబ్బంది పడింది. ధైర్యంగా ఉండు అని మాత్రం నేను చెప్పలేదు. నవ్వేవాళ్ళం మేమైతే ధైర్యం తెచ్చుకోవాల్సింది తనా? రెండు రోజుల తర్వాత వచ్చి, "పేరు ఎయ్యండి మేడమ్. ఫోటో కావాలంటే మాయమ్మ చేతులది ఎయ్యండి" అంది.

అలాగే వేశాం. నల్లబడ్డ పది వేళ్ళు, కింద కవిత, కవిత కింద పూర్తి పేరు.

ఈ పత్రిక చదివే స్నేహితులకి నా మనవి ఒక్కటే. ఇంకో విగ్రహం వస్తుంది, ఇంకో ఫోటో మన చేతికొస్తుంది. మన క్లాసుల్లో, ఇళ్ళల్లో ఎవరో ఒక ఆడపిల్ల మన ముఖం వైపు చూస్తూనే ఉంటుంది. అడగాల్సిన ప్రశ్న ఉంటే పైకి అడుగుదాం. లేకపోతే ఆ ఫోన్ తిరిగి ఇచ్చేద్దాం. ఈ వ్యాసంలో నేనన్న 'ఏటండీ'ని మాత్రం దయచేసి ఎవరూ దిద్దకండి.