అడగడం మానేసింది మనమే

2024 జూన్ 4న లోక్‌సభ ఫలితాలు వచ్చినప్పుడు తెలంగాణలోని 17 స్థానాల్లో గులాబీ పార్టీకి, అంటే భారత రాష్ట్ర సమితికి, ఒక్కటీ దక్కలేదు. 2018లో 119కి 88 అసెంబ్లీ స్థానాలిచ్చి నెత్తిన పెట్టుకున్నదీ మనమే, 2023 డిసెంబర్‌లో 39కి దించిందీ మనమే, ఆర్నెల్లు తిరిగేసరికి సున్నా చేసిందీ మనమే. అప్పటినుంచి చాయ్ దుకాణంలోనైనా, పెళ్లి బంతిలోనైనా అదే ముచ్చట. నమ్మినందుకు నిండా ముంచారు, కుటుంబ పాలన చేశారు, ఫాంహౌస్ దాటి రాలేదు, ఉద్యమం పేరు చెప్పి ఉద్యమకారులనే తొక్కేశారు. ఇందులో నిజం ఉంది. కానీ ఈ లెక్కలో ఒక పద్దును ఎప్పుడూ ఖాళీగానే వదిలేస్తున్నాం. ఆ పదేళ్లూ మనం ఏం చేశాం?

మనం అంటే ఎవరో ముందే తేల్చుకోవాలి. పొద్దంతా కష్టం చేస్తే గాని పొయ్యి వెలగని మనిషిని ఇందులోకి లాగడం న్యాయం కాదు. ఉద్యమంలో ముందు వరుసలో నడిచిన ఉద్యోగులు, పంతుళ్లు, వకీళ్లు, యూనివర్సిటీ విద్యార్థులు, కవులు, పాటగాళ్లు, విలేకరులు: ఈ నేరారోపణ వీళ్ల మీద, అంటే మన మీద. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌కు ట్యాంక్‌బండ్ ఎక్కినవాళ్లం. ఆ సెప్టెంబర్‌లో మొదలైన సకల జనుల సమ్మెలో 42 రోజులు జీతానికి నీళ్లొదిలి నిలబడ్డవాళ్లం. ప్రశ్నించడం మనకు రాదని ఎవరూ అనలేరు. రాక ఊరుకోలేదు, అక్కర్లేదనుకొని ఊరుకున్నాం.

రాష్ట్రం వచ్చిన కొత్తలోనే మొదటి పొరపాటు జరిగింది. ఉద్యమకాలంలో ఊరూరా, మండల మండలానా జేఏసీలు, అంటే ఐక్య కార్యాచరణ సంఘాలు, ఉండేవి. వకీళ్లకొకటి, డాక్టర్లకొకటి, ఉద్యోగులకొకటి, కులవృత్తులకొకటి. ఏ పార్టీవాడినైనా రోడ్డు మీద నిలబెట్టి అడగగలిగిన బలం వాటిది. 2014 జూన్ 2 తర్వాత నిరాహారదీక్ష టెంట్లతో పాటు వాటినీ పీకేశాం. "వచ్చింది గదా, ఇగ సారు చూసుకుంటడు" అని ఇళ్లకు పోయాం. గులాబీ పార్టీని ఇంటి పార్టీ అని పిలుచుకొని, ఇంటి మనిషిని లెక్కలడగడం మర్యాద కాదన్నట్టు నడుచుకున్నాం.

తొలి ముఖ్యమంత్రి దళితుడే అన్న మాట ఉద్యమ వేదికల మీద విన్నాం, చప్పట్లు కొట్టాం. పార్టీ అధినేతే ముఖ్యమంత్రి అయి ఆ మాట తప్పిన రోజు ఎంతమందిమి రోడ్డెక్కాం? "ఆయన కాకపోతే ఇంకెవరు నడుపుతారు" అని ఒకరికొకరం నచ్చజెప్పుకున్నాం. మనలో పైకులాల వాళ్లు లోలోపల ఊపిరి పీల్చుకున్నారన్నది కూడా దాచాల్సిన పని లేదు. ఉపముఖ్యమంత్రిని చేసిన దళిత నాయకుడు తాటికొండ రాజయ్యను 2015 జనవరిలో పదవి నుంచి తప్పించినప్పుడూ అదే మౌనం. బతుకమ్మను రాష్ట్ర పండుగ చేశారని మురిసిపోయాం. ఆ బతుకమ్మను నడిరోడ్డు మీద పెట్టి ఆడి ఉద్యమాన్ని మోసిన ఆడవాళ్లలో ఒక్కరికీ మొదటి ప్రభుత్వం మంత్రి పదవి ఇవ్వలేదు. 2019 సెప్టెంబర్ దాకా ఈ రాష్ట్రానికి మహిళా మంత్రే లేదు. మన సంఘాల తీర్మానాల్లో ఆ వాక్యం ఎక్కడైనా ఉందేమో వెతుక్కోవాలి.

తెలంగాణ కోసం ప్రాణాలిచ్చిన అమరుల సంగతి ఇంకా బరువైనది. పన్నెండు వందల మంది అని ప్రతి సభలోనూ చెప్పాం, పాటల్లో పాడాం. సాయం ఇచ్చే వేళకు సర్కారు జాబితా వందల్లోనే ఆగిపోయింది. సర్కారును తిట్టుకున్నాం. మరి మన దగ్గర ఉన్న జాబితా ఏది? ఊరూరా జేఏసీ ఉన్న రోజుల్లో పేరు, ఊరు, తల్లిదండ్రులు, తేదీ రాసిపెట్టడానికి ఒక నోట్‌బుక్కు చాలు. ఆ పని చేయలేదు. సంఖ్యను వాడుకున్నాం, పేర్లను పోగొట్టుకున్నాం. శ్రీకాంతాచారి పేరు మిగిలింది, చాలా పేర్లు వాళ్ల ఊరి పొలిమేర దాటలేదు.

2014 జూన్‌లో రెండు తెలుగు వార్తా చానెళ్ల ప్రసారాలు కేబుల్‌లో ఆగిపోయాయి. శాసనసభ్యులను, తెలంగాణ భాషను ఎగతాళి చేశారని వాటి మీద మనకు కోపముంది. ఆ కోపం న్యాయమైనదే. అందుకే సెప్టెంబర్‌లో కాళోజీ జయంతి నాడు వరంగల్‌లో ముఖ్యమంత్రి మీడియాను పాతిపెడతామన్నట్టు మాట్లాడినప్పుడు మనలో చాలామందికి అది బాగానే వినిపించింది. ఆంధ్రా చానెళ్లే గదా అనుకున్నాం. నోరు మూయించడం ఒకసారి అలవాటైతే మూసేది ఎవరి నోరన్న ఎంపిక మన చేతిలో ఉండదని పత్రికల్లో పనిచేసేవాళ్లకు కూడా తట్టలేదా? తట్టింది. ఉద్యోగాలున్నాయి, ప్రకటనలున్నాయి, ఊరుకున్నాం.

ఫిరాయింపులప్పుడు చప్పట్లే కొట్టాం. తెలుగుదేశం టికెట్ మీద గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్ 2014 డిసెంబర్‌లో మంత్రిగా ప్రమాణం చేశారు. 63 మందితో మొదలైన అధికార పక్షం 2018 సెప్టెంబర్‌లో సభ రద్దయ్యే నాటికి తొంభై దాకా పెరిగింది. రాజకీయ పునరేకీకరణ అని దానికి పేరు పెడితే వ్యాసాలు రాసి సమర్థించినవాళ్లు మనలోనే ఉన్నారు. 2019 జూన్‌లో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మందిని ఒకేసారి విలీనం చేసుకున్నారు. చివరికి ఇద్దరు మహిళలకు మంత్రి పదవులు దక్కినప్పుడు వాళ్లలో ఒకరైన సబితా ఇంద్రారెడ్డి కాంగ్రెస్ నుంచి గెలిచి వచ్చినవారే. ఓటు వేసినవాడి మాటకు విలువ లేకుండా పోతోందని మనకు తెలుసు. పోతున్నది ఎదుటివాడి ఓటు కాబట్టి నవ్వుకున్నాం.

అన్నీ ఉత్తపుణ్యానికే ఒప్పుకున్నామనుకుంటే అదీ అబద్ధం. 2015 ఫిబ్రవరిలో ఉద్యోగులకు 43 శాతం ఫిట్‌మెంట్ వచ్చింది. ఉద్యోగ సంఘాల నాయకుల్లో ఒకరు శాసనమండలి చైర్మన్ అయ్యారు, మరొకరు ఎమ్మెల్యే అయి మంత్రి కూడా అయ్యారు. ధూంధాం వేదికల మీద సర్కారును నిలదీసిన గొంతుల్లో వందల గొంతులు సర్కారు సంస్థ సాంస్కృతిక సారథిలో కొలువులకెక్కి సర్కారు పథకాల మీద పాటలు పాడాయి. ఆకలితో ఉన్న కళాకారుడికి నెల జీతం దొరకడాన్ని తప్పుపట్టలేం. ఆ తర్వాత ఖాళీ అయిన వేదిక మీదికి ఇంకొకరు ఎక్కకపోవడం తప్పు. బడి ప్రార్థనల్లో, సభల్లో మనం లేచి నిలబడి పాడుకున్న అందెశ్రీ పాట 'జయ జయహే తెలంగాణ' ఆ పదేళ్లలో రాష్ట్ర గీతం కాలేదు. 2024లో కొత్త ప్రభుత్వం వచ్చాకే అయింది. పురస్కారాలు అందుకునే వేదికల మీద ఆ పాట సంగతి ఎత్తడానికి మన కవులకు గొంతు పెగల్లేదు.

2017 ఒక్క ఏడాదినే తీసుకోండి. ఫిబ్రవరి 22న నిరుద్యోగుల ర్యాలీకి పిలుపునిచ్చిన కోదండరాంను తెల్లవారకముందే ఇంటి నుంచి పోలీసులు పట్టుకుపోయారు. జేఏసీ చైర్మన్‌గా మన ముందు నడిచిన మనిషి ఆయన. ఇందిరాపార్క్ దగ్గరి ధర్నాచౌక్‌ను మూసేశారు. 2018 నవంబర్‌లో హైకోర్టు చెప్పేదాకా అక్కడ మళ్లీ నోరెత్తే వీల్లేకపోయింది. మే నెలలో ఖమ్మం మిర్చి రైతులకు బేడీలు వేసి కోర్టుకు తెచ్చారు. జూలైలో ఇసుక లారీలు తగలబెట్టారని నేరెళ్ల మనుషులను పట్టుకుపోయి పోలీసులు చితకబాదారన్న ఆరోపణలు వచ్చాయి. ఇవన్నీ పేపర్లో చదివాం, ఆ ఏడాది చివర్లో ప్రపంచ తెలుగు మహాసభలకు కొత్త బట్టలు కట్టుకొని పోయాం. మరుసటి ఏడాది కోదండరాం పార్టీ పెట్టి ఎనిమిది చోట్ల పోటీ చేస్తే ఒక్క చోటా గెలిపించలేదు. మంచివాడే గాని గెలవడు గదా అన్నాం. ఆయన్ను ఓడించింది మన ఆ మాటే.

అన్నింటికన్నా జవాబు చెప్పుకోలేనిది ఆర్టీసీ సమ్మె. సకల జనుల సమ్మెలో బస్సు చక్రం ఆపింది ఆర్టీసీ కార్మికులే. అది ఆగబట్టే రాష్ట్రం స్తంభించింది. 2019 అక్టోబర్ 5న వాళ్లు తమ బతుకు కోసం సమ్మెకు దిగితే, గడువులోగా రానివాళ్లు తమంతట తాము ఉద్యోగం వదులుకున్నట్టేనని ముఖ్యమంత్రి ప్రకటించారు. దాదాపు 48 వేల కుటుంబాలు. ఖమ్మంలో ఒక డ్రైవర్ ఒంటికి నిప్పంటించుకొని చనిపోయాడు. పదేళ్ల కింద శ్రీకాంతాచారి అలాగే చేసినప్పుడు కాలేజీలు, ఆఫీసులు, కోర్టులు అన్నీ బయటికి వచ్చాయి. ఇప్పుడు సచివాలయ ఉద్యోగి ఆఫీసుకు పోయాడు, పంతులు బడికి పోయాడు, తాత్కాలిక డ్రైవర్ నడిపే బస్సెక్కి మనం ఎవరి పనికి వాళ్లం పోయాం. ఉద్యోగ సంఘాలు వేతన సవరణ (పీఆర్సీ) సంగతి తేలాలి గదా అని లెక్కలేసుకున్నాయి. ఆ సమ్మె నడుస్తుండగానే హుజూర్‌నగర్‌లో ఉపఎన్నిక వచ్చింది. అధికార పార్టీని 43 వేలకు పైగా మెజారిటీతో గెలిపించారు. ఆ తర్వాత పాలకుడికి ఎవరి మాట వినాల్సిన అవసరముంటుంది?

మేలు జరగలేదని ఎవరూ అనరు. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చింది, గురుకులాలు పెరిగాయి, నల్లా నీళ్లు వచ్చాయి. అదే ఏడాది మే నెలలో రైతుబంధు మొదలైంది. ఎకరానికి పంటకు మొదట నాలుగు వేలు, తర్వాత ఐదు వేలు. భూమికి పరిమితి లేదు, కౌలుదారుకు చోటు లేదు. పట్నంలో ఉద్యోగం చేస్తూ ఊళ్లో పట్టా పెట్టుకున్న మనకు సెల్‌ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. ఆ పొలం దున్నే కౌలు రైతుకు రాలేదు. ఆ డబ్బును అతనికి పిలిచి ఇచ్చినవాళ్లు ఎంతమంది? సీలింగ్ పెట్టమని తీర్మానం చేసిన పెద్ద రైతుల సంఘం ఒకటుంటే చూపించండి. 2021 అక్టోబర్‌లో హుజూరాబాద్ ఉపఎన్నిక వేళ డబ్బు కవర్లు పంచారని కాదు, తమకు అందలేదని జనం రోడ్డెక్కిన దృశ్యాలు టీవీల్లో చూశాం. వాళ్లను చూసి సిగ్గు సిగ్గు అన్నాం. మనకు కవరు బ్యాంకు ఖాతాలో పడింది, అంతే తేడా.

మరి మన మనసు ఎప్పుడు విరిగింది? దెబ్బ మన గడపకు తగిలినప్పుడు. భూ రికార్డుల పోర్టల్ ధరణిలో మన సర్వే నంబరు తారుమారైనప్పుడు. రాష్ట్రం వచ్చిన ఎనిమిదేళ్లకు, 2022 ఏప్రిల్‌లో తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ వేసి, పేపర్ లీకై ఆ పరీక్ష రద్దై, మళ్లీ పెట్టింది కూడా 2023 సెప్టెంబర్‌లో హైకోర్టులో రద్దైనప్పుడు. మన పిల్లలు పోటీపరీక్షలకు చదువుతూ అశోక్‌నగర్ గదుల్లో వయసు పోగొట్టుకుంటున్నారని అప్పుడు గుర్తొచ్చింది. 'నీళ్లు, నిధులు, నియామకాలు' అన్న నినాదంలో మూడోది ఎనిమిదేళ్లు నత్తనడక నడిస్తే అంతవరకు మనం మొదటి రెండింటి గురించి మురుస్తూ ఉన్నాం. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగేసరికి ఆ మురిపెం కూడా తీరింది. పేరులోంచి తెలంగాణను తీసేసి భారత రాష్ట్ర సమితి అని పెట్టుకున్నారని నొచ్చుకున్నాం. తెలంగాణ అన్న పేరుకు అర్థమిచ్చిన పనులన్నీ అంతకుముందే ఒక్కొక్కటిగా తీసేస్తుంటే నొచ్చుకోలేదు.

ఓటు వేసి దించేశాం గదా, ఇంకా ఈ తవ్వకం దేనికని అడగొచ్చు. ఎందుకంటే మనం మారలేదు. 2023లో గులాబీ పార్టీ కారు గుర్తు మీద గెలిచిన పదిమంది ఎమ్మెల్యేలు కొత్త అధికార పక్షంలోకి ఫిరాయించారన్న వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న స్పీకర్‌కు కోర్టు చెప్పాల్సి వచ్చింది. అప్పుడు విలీనాన్ని సమర్థించినవాళ్లు ఇప్పుడు రాజ్యాంగం చదువుతున్నారు. అప్పుడు రాజ్యాంగం చదివినవాళ్లు ఇప్పుడు పేజీ తిప్పేశారు. "వాళ్లు చేసినప్పుడు ఏమైంది మరి" అనే ఎదురుప్రశ్న ఇద్దరికీ నోటికొచ్చింది. కొత్త ప్రభుత్వంలో కమిషన్ పదవుల కోసం తిరిగేవాళ్లలో పాత ఉద్యమ ముఖాలు కనిపిస్తున్నాయి. దించిన పార్టీ మీద కోపం చల్లారక ముందే ఎక్కించిన పార్టీ మీద మొహమాటం మొదలైంది.

ఇంకో పార్టీ వచ్చినంత మాత్రాన ఇది తీరదు. ఏ పార్టీ కండువా కప్పుకోని సంఘం ప్రతి ఊళ్లో మళ్లీ కావాలి. అందులో పదవి తీసుకున్నవాడు ఆ రోజే రాజీనామా చేసి పోవాలి. ఎదుటి పార్టీ ఎమ్మెల్యే ఫిరాయిస్తే ఎంత గోల చేస్తామో మనం ఓటేసిన పార్టీలోకి ఎవడైనా వస్తే కూడా అంతే గోల చేయాలి. కౌలు రైతు, కాంట్రాక్టు కార్మికుడు, నిరుద్యోగి సమ్మెకు దిగిన మొదటి రోజే ఉద్యోగ సంఘం తన తీర్మానం బయటపెట్టాలి, పీఆర్సీ తేదీ చూసుకొని కాదు. అమరుల పేర్లు ఊళ్లవారీగా ఇప్పుడైనా రాసిపెట్టాలి. ఇవేవీ చేయకుండా పాత పార్టీని తిట్టుకుంటూ కూర్చుంటే, మరో అయిదేళ్లకు ఇంకో పార్టీ పేరుతో ఇదే చిట్టా రాసుకోవాల్సి వస్తుంది. అప్పుడు మనకు మోసపోయామనే హక్కు కూడా ఉండదు.